చుక్కల వెంట పళ్ల చక్రం

బాలానగర్‌లో గేర్లు కోసే చిన్న షాపు నడిపినవాణ్ణి నేను. ఇప్పుడు షాపు పిల్లలు చూసుకుంటున్నారు, కాని ఏ యంత్రం కనపడినా ముందు దాని పళ్లు చూసే అలవాటు మాత్రం నన్ను వదల్లేదు. ఆకాశం ఫొటోలు తీసే కుర్రాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. "అంకుల్, ఏ కెమెరా కొనమంటారు?" అంటారు. "ముందు మౌంటు సంగతి చెప్పు. లోపల వార్మ్ వీల్‌కి పళ్లెన్ని?" అంటాను. ముసలాడికి చాదస్తం అన్నట్టు మొహమొహాలు చూసుకుంటారు.

చాదస్తం కాదు, లెక్క. భూమి తన చుట్టూ తాను తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. అందుకని చుక్కలు మనకు సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున పడమటికి జరుగుతూ కనిపిస్తాయి. టెలిస్కోపును మోసే మౌంటు దాన్ని అదే వేగంతో తిప్పాలి. 180 పళ్ల చక్రమున్న మౌంటులో దాన్ని తిప్పే వార్మ్ ఒక చుట్టు తిరగడానికి దాదాపు 8 నిమిషాలు పడుతుంది. ఆ చక్రం వ్యాసం 100 మిల్లీమీటర్లు అనుకోండి. దాని అంచున ఒక్క మైక్రాన్ తేడా వస్తే ఆకాశంలో అది 4 ఆర్క్ సెకన్ల తేడా. 400 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ టెలిస్కోపుకు ఈమధ్య వచ్చే 3.76 మైక్రాన్ల పిక్సెల్ కెమెరా తగిలిస్తే ఒక్కో పిక్సెల్‌కు 2 ఆర్క్ సెకన్లు. అంటే పంటి మీద ఒక్క మైక్రాన్ ఎగుడుంటే చుక్క రెండు పిక్సెళ్లు సాగిపోతుంది. పది మైక్రాన్లలో కోసిచ్చిన గేరుకు నా షాపులో మారు మాట్లాడకుండా డబ్బిచ్చి పోయిన పార్టీలున్నారు. ఆకాశం దగ్గర ఆ సరుకు చెల్లదు.

నిజానికి తప్పు లేని చక్రాన్ని ఇంతవరకూ ఎవరూ కోయలేదు. ఆకాశాన్ని ఫొటో తీయడం మొదలైనప్పటి నుంచీ చక్రం చేసిన తప్పును పక్కన కూర్చుని ఎవరో ఒకరు దిద్దుతూనే ఉన్నారు. టెలిస్కోపుల చరిత్ర రాసేవాళ్లు అద్దాల గురించి రాస్తారు, అంగుళాల గురించి రాస్తారు. ఆ పక్కన కూర్చున్నవాడి గురించి, అతని చేతిలోని మర గురించి నాలుగు మాటలు చెప్పాలని నాకెప్పటి నుంచో ఉంది.

మాది తెనాలి పక్క పల్లె, కనక గుంటూరుతో మొదలుపెడతాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా పోయింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ వచ్చాడు. సూర్యుడి అంచున ఎగిసే ఎర్ర జ్వాలలను గ్రహణం లేకపోయినా చూడవచ్చని ఆయన కనిపెట్టింది అక్కడే. అదే ఊళ్లో మేజర్ టెన్నెంట్ అనే ఇంగ్లీషు సైనికాధికారి బృందం టెలిస్కోపుకు ప్లేట్లు తగిలించి ఆరు ఫొటోలు తీసింది. జాన్సెన్ పేరు చాలామందికి తెలుసు. ఈ ఆరు ప్లేట్ల సంగతి మా గుంటూరు వాళ్లకే తెలియదు.

ఆ ప్లేట్లకు గైడింగు, అంటే పక్కన కూర్చుని చక్రం తప్పు దిద్దే గొడవ లేదు. అప్పటివి తడి కొలోడియన్ ప్లేట్లు. అప్పటికప్పుడు గాజు మీద మందు పోసి, వెండి ద్రావణంలో ముంచి, ఆరిపోకముందే కెమెరాలో పెట్టి, ఆరిపోకముందే కడిగెయ్యాలి. ఆగస్టు నెలలో గుంటూరు వేడికి అది ఎన్ని నిమిషాలు తడిగా ఉంటుందో ఎవరికి వారే ఊహించుకోవచ్చు. ఎక్స్‌పోజరంతా సెకన్ల పని కాబట్టి బరువుతో నడిచే గడియారపు మర ఎలా తిప్పితే అలా సరిపోయేది. ఆ మర కూడా కొత్తదేమీ కాదు. 1824లో ఫ్రౌన్‌హోఫర్ డోర్పాట్ వేధశాలకు చేసిచ్చిన టెలిస్కోపులోనే ఉంది. ఈరోజు పెట్టెలో ప్యాక్ చేసి అమ్ముతున్న జర్మన్ ఈక్వటోరియల్ మౌంటు ఆకారం కూడా అప్పటిదే. బరువు సరితూగే గుండు ఒక వైపు, టెలిస్కోపు ఒక వైపు.

పొడి ప్లేటుతోనే కథ అడ్డం తిరిగింది. 1871లో మాడక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు జెలటిన్ పూత గురించి రాశాడు. 1880 నాటికి పొడి ప్లేట్లు బజారులోకి వచ్చాయి. ఇక ప్లేటు ఆరిపోతుందన్న భయం లేదు, ఎంతసేపైనా తెరిచి ఉంచవచ్చు. 1880 సెప్టెంబరు 30 రాత్రి న్యూయార్క్ దగ్గర హెన్రీ డ్రేపర్ ఓరియన్ నెబ్యులా మీద 51 నిమిషాలు ప్లేటు తెరిచి ఉంచాడు. ఒరే, ఇంతసేపు మర నిలబడటం లేదే అని అందరికీ తెలిసొచ్చింది కూడా అప్పుడే. నిమిషంలో కనిపించని పంటి తప్పు గంటలో కనిపిస్తుంది. దానికి తోడు చుక్క కిందికి దిగేకొద్దీ గాలి పొర దాని వెలుగును ఎక్కువ వంచుతుంది. అంటే చక్రం తప్పు చేయకపోయినా చుక్క తప్పుతుంది. పైగా గంటలో గొట్టం కూడా తన బరువుకు తాను కొంచెం వంగుతుంది.

ఇంగ్లండ్‌లో కామన్ అనే ఆయన ఉండేవాడు. వృత్తికి శానిటరీ ఇంజినీరు. ఇంటి దొడ్లో 36 అంగుళాల అద్దం పెట్టుకుని 1883లో ఓరియన్ నెబ్యులాను తీశాడు. ఆ ఫొటో కన్నా నాకు నచ్చింది ఆయన ప్లేటు బిగించిన పద్ధతి. అన్ని టన్నుల టెలిస్కోపును పూసరవ్వంత కదపడం ఎవరి వల్ల అవుతుంది? టెలిస్కోపును వదిలేసి ప్లేటును కదిపాడు. ప్లేటు అంచున చిన్న ఐపీసు పెట్టి, అక్కడ పడే చుక్కను చూస్తూ మరల మీద ప్లేటునే అటూ ఇటూ జరిపేవాడు. ఈరోజు మీరు ఆఫ్ యాక్సిస్ గైడర్ అని కొనే చిన్న లోహపు పెట్టె వెనక ఉన్న ఉపాయం ఇదే. కెమెరా చూసే అద్దంతోనే గైడ్ కన్ను కూడా చూడాలి, అప్పుడు గొట్టం వంగినా ఇద్దరికీ ఒకటే వంకర. దీన్ని తర్వాత యెర్కీస్‌లో, మౌంట్ విల్సన్‌లో రిట్చీ ఇంకా నునుపుగా చేశాడు.

ఈ పనిలో అందరికన్నా పైవాడు బార్నర్డ్. 1857లో అమెరికాలోని నాష్‌విల్‌లో పుట్టాడు. తండ్రి ముందే పోయాడు, ఇంట్లో తిండికి కటకట. తొమ్మిదేళ్లు నిండీ నిండకముందే తల్లి ఒక ఫొటో స్టూడియోలో పనికి పెట్టింది. ఆ స్టూడియో మేడ మీద ఫొటోలను పెద్దవి చేసే యంత్రమొకటి ఉండేది. దానికి దీపం సూర్యుడే. 'జూపిటర్' అని పేరు పెట్టుకున్న ఆ భారీ కెమెరా ముఖం పొద్దస్తమానం సూర్యుడి వైపే ఉండేట్టు చేత్తో చక్రాలు తిప్పుతూ ఉండాలి. అదీ ఆ పిల్లవాడి ఉద్యోగం. ముందు పెట్టుకున్న కుర్రాళ్లు ఆ పనిలో కునుకు తీసేవారట. వీడు తీయలేదు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి మిగతావాళ్లు కాలేజీల్లో ఏం చదివారో గానీ, కదిలేదాన్ని వదలకుండా పట్టుకోవడమనే చదువు మాత్రం బార్నర్డ్‌కు వచ్చినంత ఎవరికీ రాలేదు.

పెద్దయ్యాక కాలిఫోర్నియాలో లిక్ వేధశాలకు వెళ్లాడు. అక్కడ అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద లెన్సు, 36 అంగుళాలది ఉండేది. పాలపుంత ఫొటోలకు ఆయన వాడింది మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కో స్టూడియోలో మనుషుల బొమ్మలు తీసిన పాత 6 అంగుళాల లెన్సు. దాన్ని తెచ్చి టెలిస్కోపు పక్కన బిగించాడు. 1889 నుంచి ఆ లెన్సుతో తీసిన ప్లేట్ల మీద పాలపుంతలోని నల్లటి సందులు, మబ్బులు మొదటిసారి బయటపడ్డాయి. గంటల తరబడి గైడ్ టెలిస్కోపుకు కన్ను ఆనించి కూర్చోవడమే దాని రహస్యం. ఐపీసులో రెండు సాలీడు దారాలు అడ్డంగా నిలువుగా ఉంటాయి. అవి కనపడేందుకు పక్కనుంచి ఓ గుడ్డిదీపం. చుక్క ఆ కూడలి మీద కూర్చోవాలి. కాస్త పక్కకు ఒరిగితే చేతి మర పావు చుట్టు తిప్పాలి. ఎక్కువ తిప్పితే అవతలికి పోతుంది. కొండ మీద చలికి వేళ్లు కొయ్యబారతాయి. లేచి ఒళ్లు విరుచుకునే వీల్లేదు. మిషన్ మీద జాబు నడుస్తుండగా కన్ను తిప్పకూడదని మా గురువు చెప్పేవాడు. అది అరగంట ముచ్చట. ఇది తెల్లారే దాకా.

ఇక మన హైదరాబాద్ సంగతి. దీని మూలం దక్షిణాఫ్రికాలో ఉంది. 1882లో పెద్ద తోకచుక్క వచ్చినప్పుడు కేప్ వేధశాలలో డేవిడ్ గిల్ దగ్గర సరైన కెమెరా లేదు. ఊళ్లో ఫొటో స్టూడియో ఆయన్ని పిలిచి అతని కెమెరానే టెలిస్కోపు వీపుకు కట్టాడు. తోకచుక్క బాగానే వచ్చింది. దాని వెనక చూస్తే లెక్కలేనన్ని చుక్కలు! ఆకాశమంతా ఇలాగే తీసి జాబితా వేస్తే పోలేదా అన్న ఆలోచన అక్కడ మొదలై, 1887లో పారిస్‌లో అంతర్జాతీయ సభ దాకా పోయింది. ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా కోసి దేశాలకు పంచారు. అందరూ ఒకే కొలతన తీయాలి: ప్లేటు మీద ఒక మిల్లీమీటరుకు ఆకాశంలో ఒక ఆర్క్ నిమిషం. కొన్నేళ్లలో అయిపోతుందనుకున్న పని చివరి సంపుటం అచ్చయ్యేసరికి 1964 అయింది. గవర్నమెంటు పనులు మన దగ్గరే ఆలస్యం అవుతాయనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను.

చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన పట్టీ, దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల దాకా, అక్కడ ముందుకు సాగలేదు. అది చివరికి హైదరాబాద్‌కు వచ్చింది. ఇక్కడ నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ అనే పాయగా జాగీర్దారు గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి 1901లో ఫిసల్‌బండలో వేధశాల పెట్టి నిజాం పేరు తగిలించుకున్నాడు. 1907లో ఆయన పోయారు. మరుసటి ఏడు నిజాం సర్కారు దాన్ని తీసుకుంది. మొదటి డైరెక్టరు చాట్‌వుడ్ వేధశాలను ఊరి బయటికి, బేగంపేటకు మార్చాడు. అవును, అప్పటికి బేగంపేట ఊరి బయటే.

నవాబుగారు ముచ్చటపడి కొన్న ఆ 15 అంగుళాల పెద్ద టెలిస్కోపు గుమ్మటంలో నిలబడి పనిలోకి దిగేసరికి 1920లు వచ్చాయి. ఈలోగా హైదరాబాద్ పేరు ప్రపంచానికి తెలిపింది కుక్ కంపెనీ చేసిన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్, అంటే ఫొటోల కోసమే చేసిన టెలిస్కోపు. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లకు ఈ మాట తప్పకుండా చెబుతాను. డబ్బు చేతిలో పడగానే అందరి చూపూ అంగుళాల మీదికే పోతుంది, అది నవాబైనా, సాఫ్ట్‌వేర్ కుర్రాడైనా.

1914లో మొదలుపెట్టి 1929 దాకా ఆ పట్టీకి 1,260 ప్లేట్లు తీశారు. డైరెక్టరు పోకాక్ 1918లో మధ్యలోనే చనిపోతే టి.పి. భాస్కరన్ పగ్గాలు పట్టి పాతికేళ్లకు పైగా నడిపాడు. 1919లో వేధశాల ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది.

ఒక ప్లేటు పని దగ్గరగా చూద్దాం. 160 మిల్లీమీటర్ల నలుచదరపు గాజు. ఆకాశానికి చూపించకముందే దాని మీద 5 మిల్లీమీటర్ల గళ్లు వెలుగుతో అచ్చు వేస్తారు, తర్వాత చుక్కల స్థానాలు కొలవడానికి. ఈ పథకంలో చాలా కేంద్రాలు పాటించిన పద్ధతి ఏమంటే ఒకే ప్లేటు మీద మూడు ఎక్స్‌పోజర్లు: 6 నిమిషాలు, కాస్త పక్కకు జరిపి 3 నిమిషాలు, ఇంకాస్త జరిపి 20 సెకన్లు. ప్రతి చుక్కకూ మూడు గుర్తులు పడతాయి. ఒంటరి గుర్తు కనపడిందంటే అది చుక్క కాదు, దుమ్ము. ఇప్పుడు మర ఆగిపోయిందనుకోండి. ఈ కొలతన చుక్క సెకనుకు దాదాపు పావు మిల్లీమీటరు పరిగెడుతుంది. ఆరు నిమిషాల్లో 80 మిల్లీమీటర్లు దాటి, సగం ప్లేటు మీద గీత. మర నడుస్తున్నా గైడ్ ఐపీసు దగ్గరున్న అసిస్టెంటు రెప్పపాటు ఏమరితే చుక్క గుండ్రంగా ఉండదు. కొలిచేవాడికి దాని నడిమధ్య ఎక్కడో తెలియదు. ప్లేటు పారేసి మళ్లీ తీయాల్సిందే.

దీనికి తోడు మన వానలు. ఆ పట్టీలో చుక్కలు కిక్కిరిసి ఉండే భాగం వృశ్చికం, ధనుస్సు రాశుల మధ్య ఉంది. అది నడిరాత్రి నడినెత్తికి దక్షిణంగా వచ్చేది జూన్ నెలలో, సరిగ్గా మబ్బు కమ్మేటప్పుడు. కనక ఏప్రిల్, మే నెలల తెల్లవారుజాములలో పట్టుకోవాలి. దక్షిణం పని ముగింపుకు వచ్చాక పోట్స్‌డామ్ వాళ్ల పట్టీలో ఒక ముక్క, ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీలు కూడా నెత్తినేసుకుని 1928-38 మధ్య ఇంకో 592 ప్లేట్లు తీశారు. అంతా కలిపి 12 సంపుటాలు, ఏడు లక్షల అరవై వేలకు పైగా చుక్కలు.

బేగంపేటలో ఆ ఆవరణ ఇప్పుడు సెస్ అనే ఆర్థిక పరిశోధన సంస్థది. ఎప్పుడైనా అటు పోతే పాత గుమ్మటాలు చూడండి. ఆ సంపుటాలు మాత్రం పాతబడలేదు. 2000లో వచ్చిన టైకో-2 అనే నక్షత్రాల జాబితాలో 25 లక్షల చుక్కలు ఏటా ఎటు ఎంత జరుగుతున్నాయో లెక్క కట్టడానికి, నూరేళ్ల నాటి ఈ ప్లేట్ల కొలతలను కొత్త ఉపగ్రహం కొలతల పక్కన పెట్టి చూశారు. ఫొటో చూసి టెలిస్కోపు ఎటు చూస్తోందో చెప్పే ప్లేట్ సాల్వింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ టైకో-2తో కట్టిన పట్టికలు ఉన్నాయి. వనస్థలిపురం డాబా మీద ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడికి బేగంపేట అసిస్టెంటు కన్ను ఇంకా పనికొస్తూనే ఉందన్నమాట. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు తండ్రి ఈ వేధశాలలోనే పనిచేశారు. పిల్లవాడు ఈ గుమ్మటాల నీడలో పెరిగి, హైదరాబాద్ సర్కారు స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక ప్లేటు మీద కొత్త తోకచుక్కను పట్టాడు.

మనిషి కన్నుకు విశ్రాంతి ఇవ్వాలన్న ప్రయత్నం 1937లో విట్‌ఫర్డ్, క్రాన్ అనే ఇద్దరు అమెరికన్లు గట్టిగా చేశారు. గైడ్ చుక్క వెలుగును రెండుగా చీల్చి, ఏ వైపు ఎక్కువైందో ఫొటోసెల్ చెబితే మోటారు అటు దిద్దుతుంది. అది పెద్ద వేధశాలల వైభోగం. సొంత డబ్బుతో ఫొటోలు తీసుకునేవాళ్లు మాత్రం ఇంకో యాభై ఏళ్లు ఎర్రదీపం ఐపీసు, చేతిలో నాలుగు బొత్తాల పెట్టెతో బార్నర్డ్ తపస్సే చేశారు. 1989లో ఎస్‌బిగ్ కంపెనీ ఎస్‌టీ-4 అనే చిన్న సీసీడీ గైడర్‌ను అమ్మకానికి పెట్టింది. 192 అడ్డు, 165 నిలువు పిక్సెళ్ల చిప్పు. నేటి ఫోన్ కెమెరా ముందు అది ఎందుకూ కొరగాదు. కాని చుక్క ఎటు జరిగిందో చెప్పడానికి అది చాలు. దాని నుంచి ఒక తీగ మౌంటుకు పోయేది. ఆ కంపెనీ ఎస్‌టీ-4 చేయడం ఎప్పుడో మానేసింది. నేటికీ చాలా గైడ్ కెమెరాల వెనకాల టెలిఫోను జాక్ లాంటి ఆరు పిన్నుల జాక్, దాని మీద ఆ పేరు ఉంటాయి. 2006లో క్రెయిగ్ స్టార్క్ పీహెచ్‌డీ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చేశాక మామూలు వెబ్‌క్యామ్‌తో కూడా పని జరిగిపోయింది. 'ఇక్కడ నొక్కరా మొద్దూ' అని ఆ పొడి అక్షరాల అర్థం.

ఇప్పుడు కొనే సంగతి. చిన్న లెన్సు టెలిస్కోపుకైతే పక్కన బిగించే 120-200 మిల్లీమీటర్ల గైడ్ స్కోపు చాలు. చుక్క వెలుగు పరుచుకున్న తీరు నుంచి దాని నడిమధ్యను సాఫ్ట్‌వేర్ పిక్సెల్‌లో పదో వంతు దాకా లెక్కగడుతుంది కనక అంత పొట్టి గొట్టమైనా నడుస్తుంది. మరలు మాత్రం గట్టిగా బిగించాలి. ప్లాస్టిక్ స్క్రూల రింగుల్లో పెడితే గైడింగు గ్రాఫు అద్దంలా ఉంటుంది, ఫొటోలో చుక్కలు మాత్రం కోడిగుడ్లు. అద్దం కదిలే పొడుగు ఫోకస్ టెలిస్కోపులకు కామన్ గారి ఉపాయమే, ఆఫ్ యాక్సిస్ గైడరే శరణ్యం.

మన ప్రాంతం వాళ్లకు ఇంకో చిక్కుంది. మౌంటు అక్షం ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. అది హైదరాబాద్‌లో 17 డిగ్రీల ఎత్తున, మా తెనాలిలో 16 డిగ్రీల ఎత్తున ఉంటుంది. నలభై, యాభై డిగ్రీల దేశాలను మనసులో పెట్టుకుని చేసిన మౌంటును మన దగ్గర అంత కిందికి పడుకోబెడితే కౌంటర్ వెయిట్ కడ్డీ పోయి ట్రైపాడ్ కాలికి కొట్టుకుంటుంది. కొనేముందు పోలిక పట్టికల్లో ఈ మాట ఎవరూ రాయరు. ట్రైపాడ్‌కు మౌంటుకు మధ్య ఒక పియర్ ముక్క వేసి ఎత్తు చేయాలి, లేదా కాలు అడ్డం రాకుండా తిప్పి పెట్టాలి. కుదిరితే కొనేముందు అక్షాన్ని 17 డిగ్రీలకు దించి, కడ్డీని ఒక చుట్టు తిప్పి చూడండి.

ఈమధ్య అందరూ స్ట్రెయిన్ వేవ్ మౌంటుల వెంట పడుతున్నారు. 1950ల్లో మస్సర్ అనే అమెరికన్ కనిపెట్టిన గేరు అది, రోబో చేతుల్లో ఉంటుంది. సన్నటి ఉక్కు గిన్నె లోపల కోడిగుడ్డు ఆకారపు బేరింగు తిరుగుతూ గిన్నె పళ్లను బయటి వలయం పళ్లలోకి నొక్కుతుంది. పళ్ల మధ్య ప్లే ఉండదు, కౌంటర్ వెయిట్ అక్కర్లేదు, కనక కాలికి కొట్టుకునే గొడవ కూడా లేదు. ఒకటి విప్పి చూశాను. పనితనానికి దండం పెట్టాను. కాని దాని తప్పు అటూ ఇటూ పదీ ఇరవై ఆర్క్ సెకన్లు పోతుంది, అది కూడా గబగబా. మంచి వార్మ్ మౌంటును కాసేపు గైడర్ లేకుండా వదలొచ్చు. దీన్ని వదల్లేం. సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి కన్ను పెట్టి దిద్దుతూనే ఉండాలి.

మొన్న కూకట్‌పల్లి కుర్రాడొకడు వచ్చి, ఆ మౌంటు కొనేస్తాను అంకుల్, గైడ్ కెమెరా వచ్చే ఏడు చూసుకుంటా అన్నాడు. వద్దురా, ముందు రెండు చెక్కలు, ఒక మడతబందు తెచ్చుకో అన్నాను. స్కాట్లండ్‌లో హేగ్ అనే ఆయన 1975లో చెప్పిన కిటుకు. మడతబందు నుంచి సరిగ్గా 228.5 మిల్లీమీటర్ల దూరంలో ఒక ఎం6 బోల్టు బిగించి, నిమిషానికి ఒక చుట్టు చొప్పున చేత్తో తిప్పితే పై చెక్క భూమి వేగంతో తెరుచుకుంటుంది. మీద కెమెరా పెట్టి వృశ్చికం తీయొచ్చు. బోల్టు నా షాపులోనే ఉంది, కావాలంటే పిల్లల్ని అడిగి తీసుకోమన్నాను.